ల్యాప్‌టాప్‌లో వైఫై స్లోగా ఉందా? సెట్టింగులు కదపక ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

వైఫై స్లో అనగానే అందరం చేసే పని ఒకటే, రౌటర్ స్విచ్ కట్టేసి మళ్లీ వేయడం. కొన్నిసార్లు పని చేస్తుంది కూడా. చేయనప్పుడే టెన్షన్ మొదలవుతుంది: డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తాం, ఎవరో చెప్పారని డీఎన్ఎస్ (సైటు పేరు చెప్తే దాని చిరునామా వెతికిపెట్టే సర్వీసు) మారుస్తాం, ఇంకెవరో చెప్పారని నెట్‌వర్క్ రీసెట్ కొడతాం. చివరికి స్పీడ్ వచ్చినా ఏం చేస్తే వచ్చిందో తెలియదు, రాకపోతే ఏది పాత సెట్టింగో ఏది కొత్తదో గుర్తుండదు.

నెట్ మీ స్క్రీన్ దాకా రావాలంటే నాలుగు చోట్ల దాటుకుని రావాలి. వెబ్‌సైటు సర్వర్ నుంచి మీకు కనెక్షన్ ఇచ్చిన కంపెనీ దాకా ఒకటి, అక్కడి నుంచి మీ రౌటర్ దాకా రెండోది, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా గాల్లో వచ్చేది మూడోది, ల్యాప్‌టాప్ లోపల బ్రౌజర్ దాకా నాలుగోది. వైఫై అంటే అందులో మూడోది మాత్రమే, తిట్లు మాత్రం నాలుగింటికీ కలిపి అదే తింటుంది. ఎక్కడ ఆగుతోందో తేలేదాకా దేన్నీ ముట్టుకోకండి, తేలాక కూడా ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ కొలిచి, తర్వాతే ఇంకోదానికి వెళ్లండి.

1. ముందు కొలవండి

స్పీడ్ టెస్ట్ పెట్టేముందు ఒక చిన్న లెక్క. కంపెనీలు స్పీడ్ చెప్పేది మెగాబిట్లలో, బ్రౌజర్ డౌన్‌లోడ్ చూపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు సెకనుకి 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే మీకు రావాల్సింది మొత్తం వస్తున్నట్టే, ఇక వెతకడానికి ఏమీ లేదు.

అసలు మీ 'స్లో' ఏ రకమో కూడా చూసుకోండి. పెద్ద ఫైలు నెమ్మదిగా దిగడం వేరు, పేజీ మీద నొక్కాక రెండు సెకన్లు ఏమీ జరగకుండా ఉండి తర్వాత ఒక్కసారిగా తెరుచుకోవడం వేరు, వీడియో కాల్‌లో అవతలివాళ్ల గొంతు ముక్కలుముక్కలుగా రావడం వేరు. మొదటిది స్పీడ్ సమస్య, రెండోది చాలాసార్లు డీఎన్ఎస్ లేదా వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్), మూడోది ఆలస్యం, డేటా మధ్యలో పోవడం. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె వచ్చినా మూడోది ఉండొచ్చు, అందుకే ఆ అంకె ఒక్కటే చూసి 'బాగానే ఉందిగా' అనుకోకూడదు.

ఇప్పుడు టెస్ట్. ల్యాప్‌టాప్‌ని మీరు రోజూ కూర్చునే చోటే పెట్టి ఒకసారి, అదే చోట ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి వైఫై మీద ఒకసారి, తర్వాత ల్యాప్‌టాప్‌నీ ఫోన్‌నీ రౌటర్‌కి రెండు మూడు అడుగుల దూరానికి తీసుకెళ్లి ఒక్కోసారి, వీలైతే ఈథర్‌నెట్ కేబుల్ పెట్టి ఒకసారి. ఒక్కోచోట కనీసం మూడుసార్లు చేయండి, ఎందుకంటే ఒక్క టెస్ట్‌ని నమ్మడానికి లేదు.

కేబుల్‌తోనూ, రౌటర్ పక్కన ఫోన్‌లోనూ కూడా స్లోగానే ఉంటే వైఫైని వదిలేయండి, తప్పు రౌటర్‌లోనో అవతలి లైన్‌లోనో ఉంది, తిన్నగా చివరి భాగానికి వెళ్లండి. కేబుల్‌తో బాగుండి, రౌటర్ పక్కన వైఫైలో కూడా బాగుండి, మీ గదిలో మాత్రం పడిపోతుంటే అది దూరం, గోడల సమస్య. రౌటర్ పక్కనే ఫోన్‌కి బాగా వచ్చి ల్యాప్‌టాప్‌కి రాకపోతే అది ల్యాప్‌టాప్ సమస్య. అన్నిచోట్లా బాగుండి ఒక్క సైటు మాత్రమే నెమ్మదిగా తెరుచుకుంటుంటే ఆ సైటు సర్వరే స్లో, మీరు చేయగలిగింది కాసేపు ఆగడమే.

కేబుల్ టెస్ట్‌లో ఒక మెలిక ఉంది. మీ ప్లాన్ 200, 300 ఎంబీపీఎస్ అయినా టెస్ట్ ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగిపోతుంటే అది యాదృచ్ఛికం కాదు. ఎక్కడో ఒక పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయ్యుండాలి, లేదా కేబుల్ లోపల ఉండే నాలుగు జతల తీగల్లో ఒకటి తెగి ఉండాలి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు, కాబట్టి కేబుల్ సగం పాడైనా నెట్ వస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. బయటి లైన్‌నుంచి రౌటర్‌కి వచ్చే కేబుల్‌లో ఇదే జరిగితే వైఫైలో కూడా 95 దాటదు.

2. లింక్ స్పీడ్ అనే అంకె

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. ల్యాప్‌టాప్, రౌటర్ ఒకదానితో ఒకటి ఎంత వేగంతో మాట్లాడుకుంటున్నాయో చెప్పే అంకె లింక్ స్పీడ్. ఇంటర్నెట్‌తో దీనికి సంబంధం లేదు, గాల్లో జరిగే ఆ ఒక్క అంచె గురించే చెప్తుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అందులో మీ నెట్‌వర్క్ పేరుతో ఉన్న ప్రాపర్టీస్ తెరిచి కిందికి వెళ్తే లింక్ స్పీడ్, ప్రోటోకాల్, బ్యాండ్, ఛానల్ అన్నీ కనిపిస్తాయి. మ్యాక్‌లో కీబోర్డ్ మీద ఆప్షన్ కీ నొక్కిపట్టుకుని పైన ఉన్న వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి, మామూలుగా కనిపించని వివరాలన్నీ బయటికొస్తాయి: టీఎక్స్ రేట్ (లింక్ స్పీడ్ ఇదే), ఆర్ఎస్ఎస్ఐ (సిగ్నల్ బలం), నాయిస్ (రేడియో రొద), ఛానల్.

ఏ అంకె కనిపిస్తే ఏమిటి అర్థం? 2.4, 5 గిగాహెర్ట్జ్ అనేవి వైఫై వాడే రేడియో బ్యాండ్లు, వైఫై 4, 5, 6 అనేవి దాని తరాలు, అంకె పెరిగేకొద్దీ కొత్తది. 72 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక్క యాంటెనాతో వైఫై 4. 144 అంటే అదే, రెండు యాంటెనాలతో. 433 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో ఒక్క యాంటెనాతో వైఫై 5, 866 అంటే రెండింటితో. 1201 కనిపిస్తే వైఫై 6, రెండు యాంటెనాలు. ఇవన్నీ ఆ రకానికి గరిష్ఠాలు, దూరం పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తాయి. నిజంగా మీకు అందేది మామూలుగా ఇందులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఉంటుంది, మిగతాది వైఫై తనలో తాను చేసుకునే సంప్రదింపులకే పోతుంది. కాబట్టి లింక్ స్పీడ్ 72 చూపిస్తుంటే మీరు 300 ప్లాన్ తీసుకున్నా 500 ప్లాన్ తీసుకున్నా 40 ఎంబీపీఎస్ చుట్టూనే తిరుగుతారు. ప్లాన్ పెంచుకునే ముందు ఈ ఒక్క అంకె చూసుకుంటే చాలామందికి డబ్బు మిగులుతుంది.

రౌటర్ పక్కన కూర్చున్నా 54 దాటకపోతే ఇంకో రకం అనుమానం: రౌటర్‌లో సెక్యూరిటీ పాత డబ్ల్యూఈపీ లేదా టీకేఐపీ మీద ఉండొచ్చు. ఆ పాత పద్ధతుల మీద కొత్త వైఫై వేగాలు పని చేయవు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3కి మార్చండి, స్పీడ్ కోసమే కాదు, పాతవి భద్రతకీ పనికిరావు.

సిగ్నల్ బలం డీబీఎంలో చూపిస్తే అది మైనస్ అంకె, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అద్భుతం, మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు, మైనస్ 75 దగ్గర ఇబ్బంది మొదలు, మైనస్ 80 దాటితే కనెక్షన్ ఉన్నా లేనట్టే. మూడు డీబీ తగ్గితే అందే శక్తి సగానికి పడిపోయినట్టు, కాబట్టి 67కీ 75కీ తేడా చిన్నదేమీ కాదు.

3. రౌటర్‌ని పింగ్ చేయండి

పింగ్ అంటే ఒక చిరునామాకి చిన్న కబురు పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలవడం. గొంతు ముక్కలవడం, గేమ్ ఆగి ఆగి కదలడం లాంటివి ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. రౌటర్ చిరునామా దాని వెనకో కిందో స్టిక్కర్ మీద ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. కమాండ్ ప్రాంప్ట్‌లో, మ్యాక్ అయితే టెర్మినల్‌లో, పింగ్ కమాండ్‌కి ఆ చిరునామా ఇచ్చి ఒకట్రెండు నిమిషాలు నడవనివ్వండి. విండోస్‌లో నాలుగుసార్లకే ఆగిపోతుంది, ఆగకుండా ఉండాలంటే -t ఆప్షన్ కలపాలి.

ఆరోగ్యంగా ఉన్న వైఫైలో రౌటర్ నుంచి జవాబు కొద్ది మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. మధ్యమధ్యలో 100, 200కి ఎగురుతున్నా, 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వస్తున్నా గాల్లోనో ల్యాప్‌టాప్‌లోనో తప్పుంది. తర్వాత 8.8.8.8ని (బయట ఉన్న గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ చిరునామా) పింగ్ చేయండి. రౌటర్‌కి శుభ్రంగా వెళ్తూ దీనికి మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు రౌటర్ దాటాక, వైఫైది కాదు.

4. గాల్లో సమస్య అని తేలితే

ముందు బ్యాండ్. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు బాగా దాటుతుంది కానీ ఇరుకు, పైగా చుట్టుపక్కల అందరి రౌటర్లూ, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే. 5 గిగాహెర్ట్జ్ వెడల్పు, వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే మాత్రం త్వరగా నీరసపడుతుంది. రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో ఉంటే 5 వాడండి, మరీ దూరమైతే 2.4. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే ల్యాప్‌టాప్ తనంతట తాను ఎంచుకుంటుంది, దాని ఎంపిక ఎప్పుడూ తెలివైనదని చెప్పలేం: రౌటర్ పక్కనే ఉండి కూడా 2.4ని పట్టుకు వేలాడుతూ ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టడం దీనికి మొరటు మందే అయినా బాగా పని చేస్తుంది.

రౌటర్ స్థానం. నేల మీద, టీవీ వెనక, లోహపు బీరువా పక్కన, అలమరలో తలుపు మూసి పెట్టకండి. కొంచెం ఎత్తులో, బయటికి కనిపించేలా, ఇంటికి మధ్యలో ఉంటే మంచిది. అద్దాల వెనక లోహపు పూత ఉంటుంది కాబట్టి నిలువుటద్దం గోడంత అడ్డు, అక్వేరియం నీళ్లు కూడా సిగ్నల్‌ని మింగేస్తాయి. ల్యాప్‌టాప్ యాంటెనాలు ఎక్కువ మోడళ్లలో స్క్రీన్ అంచుల్లో ఉంటాయి, అందుకే మూత వేసి బయటి మానిటర్‌కి తగిలించి వాడేటప్పుడు సిగ్నల్ తగ్గడం కొత్తేమీ కాదు. 2.4 తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లే, ల్యాప్‌టాప్‌ని జానెడు పక్కకి జరిపితేనే తేడా కనిపించవచ్చు. నవ్వుకోకుండా ఒకసారి జరిపి చూడండి.

ఛానల్ గురించి నెట్‌లో బోలెడు సలహాలు దొరుకుతాయి, పనికొచ్చేది ఇంతే: 2.4లో ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో సిగ్నల్ వెడల్పు 20, అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా ఉందని 3నో 4నో ఎంచుకుంటే అటు ఒకటో ఛానల్ వాళ్లతోనూ ఇటు ఆరో ఛానల్ వాళ్లతోనూ గొడవ. ఛానల్ వెడల్పు 2.4లో 20కే ఉంచండి, 40 పెడితే స్పీడ్ పెరుగుతుందనిపిస్తుంది కానీ రద్దీ ఉన్నచోట తగ్గుతుంది. 5లో 80 మామూలుగా సరిపోతుంది. 5లోనే 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకునేవి, రాడార్ వినిపిస్తే రౌటర్ వెంటనే ఛానల్ ఖాళీ చేయాల్సిందే. ఏ కారణం లేకుండా రోజుకి కొన్నిసార్లు నెట్ ఠక్కున తెగి మళ్లీ వస్తుంటే 36 నుంచి 48 మధ్యకి మార్చి చూడండి.

చాలామంది అనుమానించనిది యూఎస్‌బీ. యూఎస్‌బీ 3 డ్రైవులు, హబ్‌లు, వాటి కేబుళ్లు 2.4 ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయి, 2012లోనే ఇంటెల్ దీని మీద ఒక పత్రం వెలువరించింది. బయటి హార్డ్ డిస్క్ పెట్టినప్పుడే నెట్ పడిపోతుంటే అది మీ భ్రమ కాదు. డిస్క్‌ని ఇంకో వైపు పోర్టులో పెట్టండి, లేదా 5కి మారిపోండి, అంతటితో వదిలిపోతుంది.

ఇంకోటి, ఇంట్లో ఎవరో దూరపు గదిలో బలహీనమైన సిగ్నల్‌తో పెద్ద ఫైలు దించుతుంటే మీ ల్యాప్‌టాప్ రౌటర్ పక్కనున్నా స్లో అవుతుంది. ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. ఒకే మైకు ఉన్న సభలో నత్తిగా మాట్లాడే వక్త పది నిమిషాలు తీసుకుంటే మిగతావాళ్లకి సమయం మిగలనట్టు, నెమ్మదైన పరికరం గాలి సమయం తినేస్తుంది. పాత పరికరాలని 2.4లో ఉంచి, ల్యాప్‌టాప్‌ని 5లో పెడితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.

5. ల్యాప్‌టాప్‌లో సమస్య అని తేలితే

మొదటి అనుమానితుడు కరెంటు పొదుపు. చార్జర్ పెడితే బాగుండి, బ్యాటరీ మీద స్లో అయితే దాదాపు ఖాయం. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్ ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్ తీసేయండి. పాత విండోస్ పవర్ ప్లాన్లలో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్‌లో మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ కూడా ఉంటుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇవి రెండూ కనిపించవు, కంగారు పడకండి, అక్కడ మామూలు పవర్ మోడ్‌నే పైకి మార్చాలి.

అదే ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ ఉంటుంది. ప్రిఫర్డ్ బ్యాండ్‌ని 5కి పెట్టొచ్చు, వైర్‌లెస్ మోడ్ పాతదాని మీద ఇరుక్కుపోయి ఉంటే కొత్తదానికి మార్చొచ్చు. మిగతావి అర్థం తెలియకుండా కదపకండి, కదిపేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

డ్రైవర్. విండోస్ అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే స్లో అయితే కొత్త డ్రైవర్‌ని కాదు, పాతదాన్ని నమ్మండి: డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ ఉంటుంది. అది లేకపోతే ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచో వైఫై చిప్ తయారీదారు సైటు నుంచో తెచ్చుకోండి. డ్రైవర్లు తానే వెతికి పెడతానని చెప్పే మూడో పార్టీ సాఫ్ట్‌వేర్‌ల జోలికి, 'ఇంటర్నెట్ బూస్టర్' అనే పేరున్న దేని జోలికీ వెళ్లకండి.

తర్వాత, వెనకాల ఎవరు తింటున్నారో చూడండి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసెస్‌ని నెట్‌వర్క్ కాలమ్ మీద నొక్కి వరుస పెడితే దొంగ పైకొస్తాడు: క్లౌడ్ సింక్, గేమ్ అప్‌డేట్, విండోస్ అప్‌డేట్. విండోస్ తన అప్‌డేట్‌లను మీ ల్యాప్‌టాప్ నుంచి వేరే కంప్యూటర్లకి పంపే ఏర్పాటు కూడా ఒకటుంది, విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ పేరుతో, వద్దనుకుంటే ఆపేయొచ్చు.

ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతున్నప్పుడు డౌన్‌లోడ్ కూడా ఎందుకు చచ్చిపోతుందని కొందరికి సందేహం. దిగే ప్రతి డేటాకీ ఇటునుంచి 'అందింది' అనే కబురు పోవాలి. అప్‌లోడ్ దారి నిండిపోతే ఆ కబుర్లు రౌటర్ క్యూలో ఇరుక్కుంటాయి, పింగ్ 20 నుంచి కొన్ని వందలకి పోతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. సింక్ యాప్‌లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టడం తేలిక, రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ (ఈ క్యూ పెరగకుండా చూసేది) ఉంటే దాన్ని ఆన్ చేయడం ఇంకా మంచిది. వీడియో కాల్స్ ఎక్కువ చేసేవాళ్లకి, నన్నడిగితే, ప్లాన్ పెంచడం కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

వీపీఎన్, యాంటీవైరస్ వెబ్ స్కానింగ్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు: ఒక్కొక్కటీ కాసేపు ఆపి కొలవండి, తేడా లేకపోతే వెంటనే మళ్లీ ఆన్ చేయండి. ఎక్స్‌టెన్షన్ల సంగతి తేలాలంటే ప్రైవేట్ విండో చాలు.

డీఎన్ఎస్ మార్చితే ఫైలు వేగంగా దిగుతుందనేది అపోహ. పేరు చెప్తే చిరునామా వెతికిపెట్టడం వరకే దాని పని, కాబట్టి పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ముందున్న ఆలస్యం తగ్గొచ్చు, అంతే. ఆ లక్షణం ఉంటేనే 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీది) లేదా 8.8.8.8 (గూగుల్‌ది) పెట్టి చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా రౌటర్ పక్కన లింక్ స్పీడ్ తక్కువే ఉంటే అప్పుడు నెట్‌వర్క్ రీసెట్. అది సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్లు, వీపీఎన్ సెట్టింగులు అన్నీ తుడిచేస్తుంది, ముందే రాసుకోండి.

6. సామాను మార్చాల్సి వస్తే

ల్యాప్‌టాప్‌ని రిపేర్‌కి ఇచ్చి తెచ్చాకే సిగ్నల్ పడిపోయిందంటే వైఫై కార్డుకి తగిలించే సన్నటి యాంటెనా తీగ ఊడి ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా దొరకదు. కార్డే పాతదైతే మార్చుకోవచ్చు, కానీ కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్నిటిలో బయాస్ (ల్యాప్‌టాప్‌ని ఆన్ చేయగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) వేరే కార్డుని ఒప్పుకోదు. ఇంటెల్ కార్డుల్లో ఏఎక్స్210 మామూలు పీసీఐఈ స్లాట్‌లో పని చేస్తుంది, ఏఎక్స్211కి మాత్రం దానికి సరిపడే ఇంటెల్ ప్రాసెసర్, ప్రత్యేక స్లాట్ ఉండాలి, పేరులో ఒక్క అంకె తేడా చూసి మోసపోకండి. విప్పడం ఇష్టం లేనివాళ్లకి యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఉంది, కొనేముందు రెండు బ్యాండ్లూ ఉన్నాయో లేదో చూడండి.

దూరమే సమస్యైతే ఎక్స్‌టెండర్ (సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పెట్టె) కంటే మెష్ (కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పని చేసే రెండు మూడు పెట్టెలు) మేలు, మెష్ కంటే ఆ గదిదాకా కేబుల్ లాగి అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెట్టడం మేలు. చవక ఎక్స్‌టెండర్ విన్నదాన్నే అదే ఛానల్ మీద మళ్లీ చెప్తుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగమవుతుంది. పెట్టక తప్పకపోతే సిగ్నల్ చచ్చిపోయిన గదిలో కాకుండా సగం దారిలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట పెట్టండి.

7. తప్పు కంపెనీ వైపే అని తేలితే

'నెట్ స్లోగా ఉంది' అని ఫోన్ చేస్తే వచ్చే జవాబు తెలిసిందే, రౌటర్ రీస్టార్ట్ చేయమంటారు. అందుకే ఆధారాలతో మాట్లాడండి. కేబుల్ పెట్టి ఉదయం, సాయంత్రం, రాత్రి తీసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు, రౌటర్‌కీ 8.8.8.8కీ విడివిడిగా చేసిన పింగ్ ఫలితాలు, ప్లాన్ స్పీడ్, ఇవి దగ్గర పెట్టుకోండి. సాయంత్రాలు మాత్రమే పడిపోతుంటే ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి, అది లైన్ మీద రద్దీ ఎక్కువైన లక్షణం, మీ ఇంట్లో ఎన్ని సెట్టింగులు మార్చినా తగ్గేది కాదు. 'వైఫైలో కాదు, కేబుల్ పెట్టి కొలిచాను' అనే మాట మొదటి వాక్యంలోనే అనేయండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి, టెక్నీషియన్ ఇంటికొస్తే మీ ఫోన్‌లో కాకుండా అతని దగ్గరున్న ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి కొలవమనండి.